డానియేలు తీగ తెగలేదు

ఉస్మాన్‌గంజ్‌ల ఇనుప తీగలమ్మే సేఠ్ ఒకడుండె. గల్లా ముందల కూసుని, వచ్చినోడు గిరాకీ కాదు బిచ్చానికొచ్చిండు అన్నట్టు చూసేటోడు. నేను పక్క దుకాణంల పూలు కట్టే దారం కొననీకి పోయిన. పూలు గుడిమల్కాపూర్‌ల కొంట గని దారం మాత్రం ఉస్మాన్‌గంజ్‌లనే కొంట. వేరే కాడ కొన్న దారం దండ మధ్యల పుసుక్కుమంటది, అప్పుడు మాటలు పడేది నేను. ఆ దినం దారం తూకం ఏసేలోపు పక్కన లొల్లి మొదలైంది. తొంగి చూస్తే మా గల్లీ డానియేలు.

రోడ్డు మీదనే గొంతుక్కూసున్నడు. ముందల ఇనుప తీగ కట్ట ఇప్పి పెట్టుకున్నడు. చేతిల ఇంత దూది. ఆ దూది లోపలికెళ్లి తీగను జానెడు జానెడు గుంజుతున్నడు.

"అరే భాయ్, తీగ కొంటున్నవా, పెండ్లిపిల్లను చూస్తున్నవా?" అన్నడు సేఠ్.

"పెండ్లిపిల్లనైతే ఇంత సేపు చూడను సేఠ్," అన్నడు డానియేలు, తల ఎత్తలే.

ఒక్కచోట దూది చిక్కింది. తీగల సన్న పోగు తెగి లేచి ఉంటే దూది దానికి పట్టుకుంటదట. కండ్లకు కనపడనిది దూదికి తెలుస్తది. డానియేలు అక్కడ సుద్దముక్కతోటి గీత పెట్టిండు. ఇంకో పది బారలు పోయినంక మళ్ల చిక్కింది. మళ్ల గీత.

"ఏం కాదు భాయ్, దీనితోని లారీలు గుంజుతరు."

"లారీ గుంజంగ తెగితే లారీ రోడ్డు మీదనే ఉంటది సేఠ్. నాది రోడ్డు మీద ఉండదు."

"లేనా హై తో లేవ్, నై తో చలో. నా దుకాణం ముందల దూది పింజలు ఎగరేయకు."

పది మంది జమైండ్రు. హమాలీలు బస్తాలు దించి నిలబడ్డరు. డానియేలు లేచి, చేతులు తుడుసుకుని, మస్తు మర్యాదగ అడిగిండు. "సేఠ్, మీ ఇంట్ల మనవనికి ఊయల ఉందా?"

"ఉంది. అయితే ఏంది?"

"ఈ తీగతోని కట్టు. పిల్లగాన్ని కూసోపెట్టి నువ్వే ఊపు. నేను గీడనే నిలబడి చూస్త. ఊపినవంటే కట్ట మొత్తం ఎత్తుకపోత, ధర గూడ అడగ."

ముందుగాల నవ్వింది ఆయన దుకాణంల పనిచేసే ముసలి హమాలీయే. ఇగ అందరు నవ్విండ్రు. సేఠ్ లోపలికి చూసి, "అందర్ సే దూస్రా బండల్ లా," అన్నడు. కొత్త కట్ట వచ్చింది. గెలిసినం గదా అని డానియేలు ఆటో ఎక్కలే. మళ్ల గొంతుక్కూసుని, దూది పట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాక మొత్తం చూసిండు. రెండు గంటలు పట్టింది. నేను గూడ నిలబడి చూసిన. ఎందుకు చూసిన్నో నాకే తెల్వదు. దారం కొనుడు మర్సిపోయి ఇంటికొచ్చిన.

డానియేలుది మా గల్లీనే, యాకుత్‌పురా టేషన్ ఎనుక. వాళ్ల నాయన రైలు పట్టాల మీద పనిచేసి పోయిండు. ఇతను బస్సుల వర్క్‌షాపుల ఫిట్టర్‌గ ముప్పై నాలుగేండ్లు చేసి రిటైరయిండు. పొట్టి మనిషి. చర్చిల పాట అందుకుంటే అందరికన్న ఒక మాట ముందు పాడతడు, ఎవరు తిరిగి చూసినా ఆగడు. ఆయన భార్య బేబీ దవాఖాన్ల ఆయా. నన్ను వదినా అంటది. డానియేలు నన్ను అక్కా అంటడు. మాకు సుట్టరికం ఏం లేదు, నలభై ఏండ్ల పక్కగోడ తప్ప.

ఆ తీగ ఎందుకో చెప్పాలె. ఊరవతల మైదానంల గ్లైడర్ల క్లబ్బు ఒకటుంది. గ్లైడర్ అంటే ఇంజన్ లేని విమానం. ఇంజన్ లేనిది ఎట్ల ఎగురుతది అని నేను గూడ అందరి తీరుగనే అడిగిన. "మన పతంగి ఎట్ల లేస్తది అక్కా, గట్లనే. మంజా బదులు ఇనుప తీగ," అన్నడు. మైదానం ఒక కొసకు గ్లైడర్ నిలబడి ఉంటది. ఇంకో కొసకు పాత బస్సు ఇంజన్, దానికి బిగిచ్చిన పెద్ద చరక. రెంటి నడుమ ఎనిమిది వందల మీటర్ల తీగ. తీగ కొసకు ఇనుప కడియం ఉంటది, దాన్ని గ్లైడర్ పొట్ట కింద కొక్కానికి తగిలిస్తరు. ఇంజన్ తిప్పితే చరక తీగను చుట్టుకుంటది, గ్లైడర్ ఉరికి పైకి లేస్తది. చాలినంత ఎత్తు పోయినంక లోపలున్న మనిషి కొక్కెం ఇడుస్తడు. తీగ కింద పడ్తది. ఆయన వేడిగాలి పట్టుకుని గద్ద లెక్క తిరుక్కుంట ఉంటడు.

ఇరవై రెండేండ్ల కింద ఆ ఇంజన్ మొరాయిస్తే, క్లబ్బోళ్లు వర్క్‌షాపు ఆఫీసర్ను అడిగి ఈయనను తీస్కపోయిండ్రు. ఒక్కపూట పని. ఇంజన్ బాగుచేసి, చరక మీది తీగను చేత్తోని పట్టి చూసి, "దీన్ని రోజు ఎవరు చూస్తరు?" అని అడిగిండట. ఎవ్వరు చూడరన్నరు. మళ్లొచ్చే ఆదివారం పిలవకున్నా పోయిండు. అప్పటిసంది ఆదివారం ఆదివారం పోతనే ఉన్నడు. పొద్దుగాల మొదటి ఆరాధనకు కూసుంటడు, కానుక పట్టంగనే లేస్తడు. "డానియేలూ, ప్రసంగం నీకు కాదా?" అని పాస్టరుగారు అందరి ముందల అడిగిండు ఒకసారి. "ప్రసంగం బేబీ ఇంటికొచ్చి చెప్తది అయ్యగారూ, మీకన్న గట్టిగనే చెప్తది," అన్నడు. పాస్టరుగారి భార్యనే నవ్వింది.

మైదానంల ఆయన మొదటి పని తీగ పరిసి, దూది పట్టుకుని దాని పొడుగూతా నడుసుడు. ఎనిమిది వందల మీటర్లు, ఎండల. ఆ తరువాత "సాఫ్" అని ఒక్క మాట అంటడు. ఆ మాట వినకుండ ఎవ్వరు ఎగరరు. ఆయన మాత్రం ఒక్కసారే ఎగిరిండు. దిగి, "తీగ ఎట్ల పడ్తదో పైనుంచి చూసిన, ఇగ చాలు," అన్నడట.

ఆ క్లబ్బుల అందరికి పెద్ద బాలనర్సింహ సారు. పాతబస్తీల బర్రెల దొడ్డి నడిపినోళ్ల కొడుకు, సర్కారు కంపెనీల ఇంజనీర్‌గ చేసిండు. ఆడ ఎగిరేటోళ్లందరికి ఎగురుడు నేర్పింది ఆయనే. ఎంత పెద్ద నౌకరీ చేసేటోళ్లయినా ఆయన ముందల చేతులు కట్టుకుని నిలబడేటోళ్లు. డానియేలు ఒక్కడే ఆయనతోని కొట్లాడేది. పొద్దుగూకంగ సారు "ఇంకొక్కసారి డానియేలూ" అంటే, ఇతను ఇంజన్ బందు పెట్టి తాళంచెయ్యి జేబులేసుకుని, "రేపటిసంది మీరు గుడ్లగూబల క్లబ్బు పెట్టుకోండి సార్, నేను రాను," అనేటోడు. సారు నవ్వి పోయేటోడు. మళ్ల ఆదివారం ఇద్దరు ఒక్క గిన్నెల ఉప్మా తినేటోళ్లు.

పోయిన మార్చిల, ఒక ఆదివారం పొద్దున పదకొండింటికి, బాలనర్సింహ సారు గ్లైడర్‌ల ఒక్కడే ఎక్కిండు. పైకి లేసుడు లేసింది గని ఎప్పటంత ఎత్తు పోలే. సగంలనే తీగ పడ్డది. సారు దిగనీకి మైదానం దిక్కు తిప్పిండు. తిప్పేంత ఎత్తు లేదు. ఒక రెక్క వాలి, ముక్కు నేలకు కొట్టింది. చరక కాడి నుంచి అందరికన్న ముందు ఉరికినోడు డానియేలే. సారు బెల్టు ఇప్పింది ఈయన చేతులే. దవాఖానకు తీస్కపోయేదాక గూడ సారు లేడు.

ఆ దినం బేబీ నా దగ్గరికొచ్చి, "వదినా, ఈయన అంగీ ఇప్పుతలేడు," అన్నది. పోయిన. ఆ అంగీ గురించి నేను రాయ. నేనే ఇప్పి, బకెట్ల నానేసిన. డానియేలు ఒక్కటే మాట అన్నడు. "తీగ తెగలే అక్కా."

తెల్లారేవరకు మాత్రం అందరి నోట్ల తీగ తెగింది. క్లబ్బోళ్ల ఫోన్లల్ల ఒక గ్రూపు ఉంటది. అండ్ల రెండు వందల మాటలు వచ్చినయట, అన్ని తీగ గురించే. పాతదయ్యిందన్నరు, తుప్పు పట్టిందన్నరు, డెబ్బై దగ్గర పడ్డ మనిషికి ఆ పని ఎందుకిచ్చిండ్రన్నరు. డెబ్బై అయితే నాకైనయి, ఆయనకు ఇంకా మూడేండ్లున్నయి. పోలీసులు వచ్చి అడిగి పోయేవరకు మా గల్లీల గూడ మొదలైంది. నల్లా కాడ మహేశ్వరి బిందె పెట్టుకుంట, "ఇరవై ఏండ్లు తీగ చూసిండు చూసిండు అంటిరి, చూసింది గిదేనా?" అన్నది.

"నీ మొగుడు ఇరవై ఏండ్లసంది డ్యూటీకి పోతున్న అంటడు. ఎక్కడికి పోతున్నడో పోయి చూసినవా?" అన్న నేను. బిందె నిండకముందే పోయింది.

ఆ తరువాత గ్రూపుల మాటలు ఆగినయి. అంతకన్న అదే పాడు. మళ్ల ఆదివారం మైదానానికి పోయినోడు డానియేలు ఒక్కడే. ఒకాయనతోని ఇగ ఎగరనని తల్లి ఒట్టు పెట్టించుకున్నదట. ఇంకొకాయన భార్య ఆయన టోపీ, కండ్లద్దాలు ఎవరికో ఇచ్చేసిందట. ముప్పై మంది ఉండె ఆ క్లబ్బుల. మొఖం చాటేసిండ్రు. ఒకరి ముందల ఒకరు పడాలంటే భయం. డానియేలు పోయి, ఇంజన్ పట్టేసిపోకుండ పది నిమిషాలు తిప్పి, గ్లైడర్ల మీద పావురాలు పాడుచేసింది తుడిసి వచ్చేటోడు.

పాస్టరుగారు ఇంటికొచ్చి, "ఇది దేవుడు చూపించిన గురుతు, ఇగ ఆదివారం పూర్తిగ దేవునికియ్యి," అన్నడు. నేను ఆడనే కూసుని పూలు గుచ్చుతున్న.

"సారు కోసం ప్రార్థన చెయ్యండి అయ్యగారూ," అన్నడు డానియేలు. "ఆదివారం సంగతి దేవునికి నాకు ముందే మాటయ్యింది."

రెండు వారాలకు మైదానంలనే సంతాప సభ పెట్టిండ్రు. దండలు నేనే కట్టిన. గుడిమల్కాపూర్‌ల తెల్లచామంతి ఏరి ఏరి తెచ్చిన. డానియేలు, బేబీ, నేను, పూల గంప, ఒక్క ఆటోల పోయినం. అదే మొదటిసారి నేను ఆ మైదానం చూసుడు. పెద్ద రేకుల షెడ్డు, అండ్ల గ్లైడర్లు, సన్నటి పొడుగు రెక్కలు. ఒకదాని జాగ ఖాళీగ ఉండె. ఆ ఖాళీ జాగలనే సారు ఫోటో పెట్టిండ్రు. ఫోటోకు దండ ఏసినంక నేను పక్కకు జరిగి గంప మీద కూసున్న. పొమ్మని ఎవ్వరు అనలే, అన్నా పోయేదాన్ని గాదు.

సారు భార్య అమల టీచరమ్మ ముందు వరుసల కూసున్నది. బడిల లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి, ఏడుపు మొకం కాదు. అందరు సారు గురించి మంచి మంచి మాటలు చెప్పిండ్రు. అయినంక క్లబ్బు సెక్రటరీ సారు డానియేలును పక్కకు పిలిచి ఒక కాగితం ఇచ్చిండు. నేను కూసున్న దిక్కే వచ్చిండ్రు, నన్ను పూల గంప లెక్కనే అనుకున్నరేమో.

"సంతకం పెట్టు డానియేలూ. విచారణకు ఆఫీసర్లు వస్తరు, వాళ్లకియ్యాలె."

"ఏం రాసిండ్రు సార్? ఇంగ్లీషుల ఉంది."

"ఏం లేదు. జరిగిందే."

"జరిగిందే అయితే తెలుగుల చెప్పండి."

సెక్రటరీ సారు గొంతు తగ్గించిండు. "తీగ తెగింది అని. నీ తప్పు అని రాయలే. తీగ పాతది, తెగింది, అంతే. నీకేం కాదు, మేమున్నం. జర ఆలోచించు. పెద్దసారు పేరు నిలవాలె. ఆయన ఏదో చూసుకోలేదు అని రాస్తే ఆ తల్లి ఎట్ల తట్టుకుంటది?"

డానియేలు ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి సెక్రటరీ సారు అంగీ జేబుల పెట్టిండు. కొట్టినట్టు గాదు, పిల్లగానికి రుమాలు పెట్టినట్టు. పెట్టి, సభ నడుమకు పోయి నిలబడ్డడు.

"అందరు ఒకసారి చరక కాడికి రావాలె," అన్నడు.

"ఇప్పుడెందుకయ్యా?" అన్నరెవరో.

"పదిహేను దినాలసంది తీగ తెగింది అంటున్నరు. ఒక్కరన్న వచ్చి చూసిండ్రా? రండి."

ఎవ్వరు కదలలే. ముందుగాల లేసింది అమల టీచరమ్మ. ఆమె లేస్తే ఇగ అందరు లేవక తప్పలే. ఎండల ఎనిమిది వందల మీటర్లు నడిసినం. బేబీ నా చెయ్యి పట్టుకున్నది. పెన్షన్ తినే మనిషి పోలీసు టేషన్ల చుట్టు తిరగాల్నా అని ఆమె భయం. "సంతకం పెట్టేస్తే అయిపోతుండె గద వదినా," అన్నది. నా మనసుల గూడ అదే ఉండె ఆ నిమిషం, అబద్ధమెందుకు.

చరక మీద తీగ చుట్టి ఉంది. దాని మీద గోనెసంచి కప్పి తాడు కట్టి ఉంది. డానియేలు ఆ గోనె తీసి, తీగ కొసను ఎత్తి చూపిండు. కొసకు కడియం ఉంది.

"తీగ తెగితే కడియం ఎక్కడుంటది? గ్లైడర్ కొక్కానికి ఉంటది. ఆయనతోని పోతది. గీడ ఉందంటే, సారు తన చేత్తోని కొక్కెం ఇడిసిండు. తీగ ఈ కొస నుంచి ఆ కొస దాక సాఫ్. కావాలంటే పరుస్త, నడిసి చూసుకోండి. ఇది మీకందరికి తెల్సు. ఇరవై ఏండ్లసంది ఎగురుతున్నరు, కడియం సంగతి తెల్వదా? మీరు చూడలేదు గాదు, చూడబుద్ధి గాలే. తీగ తెగలేదంటే మరేం జరిగింది అని అడగాలె గద. అది అడగనీకి మీకు భయం."

"డానియేలూ, మాటలు జాగ్రత్త," అన్నడు సెక్రటరీ సారు.

"మాట మీరే ఇంగ్లీషుల రాసి తెచ్చిండ్రు సార్."

అప్పుడు ఎనుక నుంచి ఒకాయన ముందుకొచ్చిండు. బ్యాంకుల చేసే ఈశ్వరయ్య. ఆయన ఏం చెప్పిండో అర్థం గావాలంటే ఒక్క ముచ్చట తెలవాలె. గ్లైడర్‌కు కింద ఒక్కటే చక్రం ఉంటది. అందుకే నిలబెడితే ఒక రెక్క నేలకు వాలుతది. లేసేటప్పుడు ఒక మనిషి ఆ రెక్క కొస పట్టుకుని సమానంగ ఉంచి, నాలుగడుగులు ఎంబడి ఉరుకుతడు. ఆ మనిషికి ఒక హక్కుంది. ఆయనకు ఏదన్న తేడా కొడితే రెక్కను కింద పెట్టేస్తడు. పెడితే ఎగురుడు ఆగిపోవాలె. ఎందుకు పెట్టినవని లోపలున్నోడు కోపం చెయ్యొద్దు. ఆ దినం రెక్క పట్టుకున్నది ఈశ్వరయ్య.

"రెక్క మీద బ్రేకు పలక లేచి ఉండె," అన్నడు. "వేలెడంత. నేను చూసిన."

రెక్కల మీద రెండు పలకలుంటయి. దిగేటప్పుడు వాటిని లేపితే గ్లైడర్ కిందికి వస్తది. లేసేటప్పుడు మాత్రం వాటిని మూసి గట్టిగ బిగించాలె. బిగించకుంటే గాలికి తెర్సుకుని గ్లైడర్‌ను కిందికి గుంజుతయి. సారు ఆ దినం బిగించుడు మర్సిండు. నలభై ఏండ్లు అందరికి నేర్పిన మనిషి, ఒక్కనాడు మర్సిండు.

"చూసి, ఎందుకు కింద పెట్టలే?" అన్నడు డానియేలు. గొంతు పెంచలే.

"సారు గదా... సారుకు తెల్వదా అనుకున్న. ఆయన చూసుకుంటడు అనుకున్న. పోయినేడు ఒకసారి రెక్క కింద పెడితే, 'ఏమయ్యా ఈశ్వరయ్యా, నాకు నేర్పుతున్నవా' అన్నడు. అందరు నవ్విండ్రు. ఆయన ఊరికెనే అన్నడు. గని మళ్ల పెట్టనీకి నాకు చెయ్యి రాలే."

సెక్రటరీ సారు ఆకాశం దిక్కు చూసిండు. అమల టీచరమ్మ ఈశ్వరయ్య ముందల పోయి నిలబడ్డది. కొడ్తదేమో అనుకున్న. నేనైతే కొట్టేదాన్నే.

"నీ ఒక్కని సంగతి గాదు," అన్నదామె. "మా ఆయన తప్పు చేసిండని బతికున్నప్పుడు చెప్పనీకి మీకు నోరు రాలేదు. సచ్చినంక గూడ వస్తలేదు. ఆ నోరు రాకనే పోయిండు ఆయన. ఆయన పేరు నేను చూసుకుంట, మీరు కాగితాలల్ల కాపాడేది లేదు. ఉన్నదున్నట్టు రాయండి."

అని డానియేలు దిక్కు తిరిగింది. "నువ్వు ఆయనతోని కొట్లాడేటోనివి గద. ఆ దినం ఎందుకు కొట్లాడలే?"

"నేను ఈ కొసకున్న అమ్మా," అన్నడు. "పలక నాకు కనపడదు. జెండా ఊపితే ఇంజన్ తిప్పిన. ఎత్తు పోతలేదని తీగ చెప్పింది నాకు, చేతికి తెల్సింది. అప్పటికే ఆయన ఇడిసిండు." కడియం పట్టుకున్న చెయ్యి దించలే.

ఉన్నదున్నట్టే రాసిండ్రు. కాగితం తెలుగుల గూడ రాయించిండు డానియేలు. బేబీ చదివి ఇనిపించినంకనే సంతకం పెట్టిండు. ఆఫీసర్లు వచ్చి, కడియం చూసి, విరిగిన రెక్క చూసి, ఈశ్వరయ్య మాట రాసుకుని పోయిండ్రు. ఎండలు పోయినయి, వానలు పోయినయి. చలి ముట్టంగ, ఎగరొచ్చు అని కాగితం వచ్చింది.

ఎగరొచ్చు గని ఎగిరేటోళ్లు ఏరి? ముప్పై మందిల ఏడుగురు మిగిలిండ్రు. ఈశ్వరయ్య అండ్ల ఒకడు, ఎట్ల వచ్చిండో ఆయనకే తెల్వాలె. సెక్రటరీ సారు గూడ వచ్చిండు, అది నేను అనుకోలే. పోయిన శనివారం వాళ్లు మా గల్లీలనే, డానియేలు ఇంట్ల కూసున్నరు. గోడ అవతలి నుంచి అంత ఇనపడ్డది. గోడ మీద చెవి పెట్టలే, మా గోడ గంతే.

"రేపు మొదలుపెడదాం," అన్నడు సెక్రటరీ సారు. "నేనే మొదట ఎక్కుత."

"ఎక్కండి. రెక్క ఎవరు పట్టుకుంటరు?" అన్నడు డానియేలు.

"ఎవరో ఒకరు. అందరికి వస్తది గద."

"పట్టుకునుడు అందరికి వస్తది. కింద పెట్టుడు ఎవరికొస్తది? ఈడ చెప్పండి. సెక్రటరీ సారు లోపలుంటే, పలక లేచి ఉంటే, కింద పెట్టి, 'దిగు సార్' అనేటోడు మీల ఎవరు?"

ఒకాయన నేను పెడ్త అన్నడు. "మీరు సార్ కింద పనిచేస్తరు, మీ ప్రమోషన్ ఆయన చేతులనే ఉంది," అన్నడు డానియేలు. ఇంకొకాయన ఏదో గొణిగిండు.

"అట్లయితే నేను ఇంజన్ తిప్ప," అన్నడు డానియేలు. "క్లబ్బు మూసుకోండి. నాకు ఇంట్ల కూసునుడు వస్తది. మీరు సారు ఫోటోకు దండలేసుకోండి, మా అక్క కట్టిస్తది. తీగ నేను చూస్త, అది సాఫ్ ఉంటది. మీ మర్యాదకు దూది పట్టి చూసుడు నాతోని గాదు."

చాయ్ కప్పులు పెట్టిన చప్పుడు, తలుపు చప్పుడు. పోయిండ్రు అనుకున్న. బేబీ ఆయన్ను తిడుతున్నది, ఇరవై రెండేండ్లు పోయి ఇప్పుడు ఒక్క మాటకు మూస్తవా అని. మొన్నటిదాక పోవద్దన్న మనిషే.

జరసేపటికి డానియేలు మా వాకిట్లకు వచ్చిండు. నేను మర్నాటి పూలకు నీళ్లు చల్లుతున్న. ఎప్పుడు లోపలికి వచ్చి స్టూలు మీద కూసునేటోడు, ఆనాడు గడప కాడనే నిలబడ్డడు.

"ఏంది, లొల్లి అయిపోయిందా?" అన్న.

"ఇన్నవు గద."

"ఇన్న. ఎవడు దొరకలే నీకు."

"దొరికింది అక్కా," అన్నడు. "రేపు పొద్దుగాల నేను ఆరాధన నుంచి రాంగనే నాతోని మైదానానికి రా. రెక్క నువ్వు పట్టుకోవాలె. ఉరుకుడు నాలుగడుగులే, ఉరకకున్నా మంచిదే, నడువు. ఏమేం చూడాలెనో దారిల ఆటోల చెప్త, నాలుగే ముచ్చట్లు. లోపల సెక్రటరీ సారుంటడు, ఆయనకు ఫోన్ చేసి చెప్పిన. ఆయన తొందర పెడ్తడు, ఇంగ్లీషుల ఏదో అంటడు, ఇనకు. నీ కంటికి ఒక్కటి తేడా కొట్టినా, తేడా ఏందో నీకు చెప్పరాకున్నా, రెక్క తీసి కింద పెట్టు. పెట్టి, నీకు నోటికొచ్చింది అను. చెప్పులొద్దు, జారుతయి, బేబీ బూట్లు ఏసుకో."